మెయిన్ కట్టాకే పానా

రిసాలి సెక్టారులో మేముండేది కర్మాగారం వారి క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు, అందులో ఒక జామచెట్టు. ఈ క్వార్టరు మా ఇద్దరి కన్నా, మా నాన్న ఉద్యోగం కన్నా కూడా పాతది. వయసు మళ్ళిన మనిషికి ఒక ఏడాది మోకాళ్ళు, మరో ఏడాది కళ్ళు మొరాయించినట్టే, పాత ఇంటికి ఒకసారి కుళాయి, ఒకసారి తలుపు, వానాకాలం వస్తే పైకప్పు మొరాయిస్తాయి. మాలో అక్క పదకొండో తరగతి, తమ్ముడు తొమ్మిదో తరగతి. ఇద్దరం కలిసి నేర్చుకున్న పనులు కాబట్టి ఇద్దరం కలిసే రాస్తున్నాం. మా ఇంటివంటి ఇళ్ళలోనే మనలో చాలామంది ఉంటున్నాం కనుక ఇవి మీకూ పనికొస్తాయనుకుంటున్నాం.

మాకు ఈ పనులు నేర్పింది తాతయ్య. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం మన దేశానికీ సోవియట్ యూనియన్‌కీ 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అది మొదలైన కొన్నేళ్ళకు తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రేకు పెట్టెతో ఇక్కడికి వచ్చారు. హెల్పరుగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యారు. ఆ రేకు పెట్టె ఇప్పటికీ ఉంది. అప్పుడు అందులో బట్టలుండేవి, ఇప్పుడు పనిముట్లున్నాయి.

క్వార్టరులో ఏదైనా పాడైతే ఫిర్యాదు రాయించవచ్చు. మనిషి వస్తాడు, బాగు చేస్తాడు. కానీ మనదొక్కటే క్వార్టరు కాదు, మన వంతు రావాలి. అది వచ్చేదాకా కారే నీళ్ళు కారుతూనే ఉంటాయి. కొన్ని పనులు అసలు ఎవరినీ పిలవాల్సినవే కావు. కొన్ని పనులు ఎంత ధైర్యమున్నా మనం ముట్టకూడనివి. ఏది ఏదో తెలియడమే సగం పని అని మాకు రానురాను అర్థమైంది. తాతయ్య దగ్గర దీనికి ఒక చిన్న కొలమానం ఉంది. ఏ పనికైనా పానా చేతిలోకి తీసుకోగానే, "ముందు ఎక్కడ కట్టాలో చెప్పండర్రా" అంటారు. అంటే, ఈ నీళ్ళు ఎక్కడ ఆగుతాయి, ఈ కరెంటు ఎక్కడ ఆగుతుంది అని. చెప్పలేకపోతే పానా మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోతుంది.

ముందు కుళాయి సంగతి. ఎందుకంటే పాడయ్యే వాటిలో అన్నిటికన్నా ఎక్కువ సార్లు పాడయ్యేది అదే, నేర్చుకోవడానికి తేలికైనదీ అదే. మా వంటింటి కుళాయి ఎంత బిగించినా చుక్క చుక్కగా కారేది. చుక్కే కదా అని అందరూ వదిలేశారు. ఒక రాత్రి 10 గంటలకు దాని కింద గిన్నె పెట్టి, ఉదయం 6 గంటలకు కొలిచాం. రెండున్నర లీటర్లు. ఎనిమిది గంటలకు అంత అయితే రోజుకు ఏడున్నర లీటర్లు, నెలకు 225 లీటర్లు. మా స్నానాల గదిలోని 15 లీటర్ల బకెట్టుతో లెక్కపెడితే పదిహేను బకెట్లు. ఇక్కడ మే నెలలో పదిహేను బకెట్ల నీళ్ళంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

కుళాయి కారడానికి చాలాసార్లు కారణం లోపల ఉండే రబ్బరు వాషరు అరిగిపోవడం. కుళాయి తిప్పినప్పుడు లోపలి స్పిండిలు కిందికి దిగి, ఆ వాషరును నీళ్ళు వచ్చే రంధ్రం మీద అదుముతుంది. వాషరు గట్టిపడినా, చీలినా రంధ్రం పూర్తిగా మూసుకోదు. మనవాళ్ళు చేసేదేమిటంటే, కారుతోంది కదా అని మరింత గట్టిగా బిగిస్తారు. దానితో వాషరు ఇంకా త్వరగా నలుగుతుంది. కొన్నాళ్ళకు లోపలి ఇత్తడి అంచుకూ గాట్లు పడతాయి. అప్పుడిక కొత్త వాషరు వేసినా లాభం ఉండదు, కుళాయే మార్చాలి.

పని ఇలా చేయాలి. ఇంటి బయట పైపుకు ఉన్న వాల్వు కట్టేయండి. కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళు పోనివ్వండి. సింకు రంధ్రంలో ఒక గుడ్డ కుక్కండి. ఇది మరిచిపోవద్దు. చిన్న మర ఊడి అందులో పడిందంటే, ఐదు నిమిషాల పని ఒక పూట పని అవుతుంది. తర్వాత కుళాయి పైభాగానికి గుడ్డ చుట్టి, దాని మీద పానా పట్టి ఎడమకు తిప్పండి. గుడ్డ చుట్టకపోతే మెరుగు మీద గీతలు పడతాయి, ఆ గీతలు మీరు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కనిపిస్తూనే ఉంటాయి. స్పిండిలు బయటికి వచ్చాక పాత వాషరు తీసి, దాన్నే దుకాణానికి పట్టుకెళ్ళండి. "అరంగుళం కుళాయి వాషరు" అని నోటితో చెబితే సరిపోదు, అందులో మందాలు వేరుగా ఉంటాయి. కొత్తది వేసి, తిరిగి బిగించి, బయటి వాల్వు మెల్లగా తెరవండి. ఇక ఆ రోజు నుంచి ఆ కుళాయిని రెండు వేళ్ళతో కట్టడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అయింది. నాన్న చెయ్యి ప్లాంటులో పెద్ద వాల్వులు తిప్పిన చెయ్యి మరి.

నీళ్ళు కుళాయి మూతి నుంచి కాక, అది గోడలోకి వెళ్ళేచోట చెమరుస్తుంటే, అక్కడి మరల మీద చుట్టిన తెల్ల టేపు పాడైందని అర్థం. కుళాయి ఊడదీసి, పాత టేపు గీకేసి, కొత్త టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు చుట్టాలి. చుట్టే దిక్కు ముఖ్యం. మరలున్న కొన మన వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. అటుదిటు చుట్టితే బిగించేటప్పుడు టేపు మొత్తం పోగై వెనక్కి వచ్చేస్తుంది. తాతయ్య కాలంలో ఈ టేపు లేదు, జనపనార చుట్టి సఫేదా పూసేవారట. ఇప్పటికీ పాత పైపు విప్పితే ఆ నార కనిపిస్తుంది.

ఆ బయటి వాల్వు గురించి ఇంకొక్క మాట. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పకపోతే అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైపు పగిలి వంటిల్లు చెరువైన రోజున అది తిరగనని మొరాయిస్తే ఏమీ చేయలేం. అందుకని ఆరు నెలలకొకసారి దాన్ని ఒకసారి కట్టి తెరుస్తుండాలి. మేము దసరాకొకసారి, ఉగాదికొకసారి తిప్పుతాం. పండుగ పనుల్లో అదొకటి.

మరుగుదొడ్డి ట్యాంకు కారుతోందేమో తెలుసుకోవడానికి నాన్నమ్మ చెప్పిన చిట్కా బాగా పనికొచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు ట్యాంకులో కాస్త బట్టల నీలిమందు కలపండి. ఎవరూ నీళ్ళు వదలకుండానే ఉదయానికి కింద నీలం కనిపిస్తే ట్యాంకు కారుతున్నట్టే. ట్యాంకు నిండినా నీళ్ళు ఆగకపోతే తేలే బంతి చూడండి. దాన్ని ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వస్తే బంతికి చిల్లు పడింది, అది మునిగిపోతోంది కాబట్టి నీళ్ళు కట్టడం లేదు. బంతి ఒక్కటే విడిగా దొరుకుతుంది.

తలుపుల దగ్గరికి వస్తే ఒక తమాషా చెప్పాలి. హిందీలో తలుపు బందును కబ్జా అంటారు. మేమిద్దరం అదే మాట విని పెరిగాం. ఒకసారి శ్రీకాకుళం నుంచి మా మావయ్య వచ్చినప్పుడు తమ్ముడు పరుగెత్తుకొచ్చి, "నాన్నా, మన వెనకింటి కబ్జా అయిపోయింది" అన్నాడు. వాడి ఉద్దేశం వెనక తలుపు బందు పని అయిపోయిందని. మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు. "ఎవుడ్రా కబ్జా చేసింది? కంపెనీ క్వార్టరు కబ్జా చేసీడమేటి?" అని గట్టిగా అడిగారు. తెలుగులో కబ్జా అంటే పరుల జాగా ఆక్రమించడం అని మాకు అప్పుడే తెలిసింది. ఇప్పటికీ ఫోనులో మావయ్య మొదట అడిగేది, కబ్జా బాగుందా అని.

ఇక అసలు పని. తలుపు కిందికి దిగి నేలను రాసుకుంటుంటే, చాలామంది వెంటనే వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తారు. ముందు పై బందు మరలు చూడండి. అవి వదులై, తలుపు బరువుకు చెక్కలోంచి ఊడివస్తుంటాయి. ఆ మర తీసి, రంధ్రంలో తలకాయ విరిచేసిన అగ్గిపుల్లలు జిగురులో ముంచి పట్టినన్ని కుక్కండి. పైకి పొడుచుకొచ్చిన ముక్కలు కోసేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్ళీ అదే మర బిగించండి. చెక్కలో కొత్త చెక్క పడింది కనుక మర గట్టిగా పట్టుకుంటుంది. పని జరిగినంతసేపూ తలుపు కింద ఒక పుస్తకమో, చెక్కముక్కో ఆనించి ఉంచాలి, లేకపోతే బరువంతా కింది బందు మీద పడుతుంది.

వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుంటే మాత్రం అప్పటికప్పుడు చిత్రిక పట్టకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బింది. ఉబ్బినప్పుడు కోసేస్తే, వేసవిలో ఎండి కుంచించుకుపోయాక ఆ సందులోంచి దుమ్మూ బల్లులూ వస్తాయి. రాసుకునే చోట కొవ్వొత్తి గానీ ఎండిన సబ్బు ముక్క గానీ రుద్దితే కాలం గడిచిపోతుంది. ఎక్కడ రాసుకుంటుందో తెలియకపోతే తలుపు చట్రానికి సుద్దముక్క పూసి, తలుపు ఒకసారి వేసి తీయండి. సుద్ద ఎక్కడ అంటుకుందో అక్కడే.

వాన అంటే పైకప్పు గుర్తొస్తుంది. ఇక్కడ జూన్ మధ్యలో వానలు మొదలవుతాయి. మేడ మీది నీళ్ళు పోయే తూములో వేసవి అంతా వేపాకులు, దుమ్ము, పిల్లలు పోగొట్టుకున్న బంతులు చేరతాయి. నీళ్ళు పోవడానికి దారి లేకపోతే కప్పు మీదే నిలబడతాయి. నిలబడిన నీళ్ళు ఏ చిన్న పగులునైనా వెతుక్కుంటాయి. కాబట్టి కప్పు కారడానికి మందు చాలాసార్లు సిమెంటు కాదు, మే నెలాఖరులో ఒక చీపురు. తడిసిన మేడ మీదికి ఎక్కి చేయాల్సిన పని కాదిది. పొడిగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళతో కలిసి చేయాల్సింది.

గదిలో మరక ఎక్కడ పడిందో పైన పగులు సరిగ్గా అక్కడే ఉంటుందని అనుకోకూడదు. నీళ్ళు ఒకచోట దిగి, స్లాబు లోపలే వాలు వెంబడి పోయి మరోచోట బయటపడతాయి. మా ముందు గదిలో మరక కిటికీ పక్కన ఉంటే, పగులు నాలుగడుగుల అవతల పిట్టగోడ మొదట్లో దొరికింది. తాతయ్య మేడ మీద అనుమానమున్న చోట చుట్టూ మట్టితో చిన్న గట్టు కట్టించి, నీళ్ళు నిలబెట్టి, కింద మమ్మల్ని కాపలా పెట్టారు. వరిమడిలో నీళ్ళు పెట్టినట్టే. మూడో మడికి కింద చెమ్మ కనిపించింది. దొరికిన పగులును ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊడ్చి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక కలిపి తాపీతో నింపాలి. తర్వాత వారం రోజులు దాన్ని తడుపుతూ ఉండాలి. ఈ తడపడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. సిమెంటు గట్టిపడేది ఎండిపోవడం వల్ల కాదు, నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల. తొందరగా ఎండిపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోయి, పూసినది పొడిపొడిగా రాలుతుంది. కప్పు పెచ్చులు ఊడి లోపలి ఇనుప చువ్వ కనిపిస్తుంటే మాత్రం అది మన తాపీతో అయ్యే పని కాదు. ఆ గదిలో మంచాలు పక్కకు జరిపి, వెంటనే ఫిర్యాదు రాయించాలి.

పిట్టగోడ పగుల్లో ఒక రావి మొక్క మొలిచింది. పిట్టలు వేసిన గింజ. చూడ్డానికి నాలుగాకులు, లోపల వేరు ఎంత దూరం పోయిందో ఎవరికీ తెలియదు. ఆ వేరు లావైనకొద్దీ గోడ చీలుతుంది. పైన ఆకులు తుంచేస్తే మళ్ళీ చిగురిస్తుంది. రావి మొక్కను పీకకూడదని నాన్నమ్మ, పీకకపోతే గోడ ఉండదని తాతయ్య. రెండు రోజులు ఇంట్లో ఇదే మాట. చివరికి మొక్క చిన్నగా ఉండగానే చుట్టూ తవ్వి, వేరుతో సహా తీసి, మరోదా వైపు వెళ్ళే దారిలో ఖాళీ జాగాలో నాటి వచ్చాం. వెళ్ళేటప్పుడు నాన్నమ్మ చెంబుతో నీళ్ళు కూడా తెచ్చారు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో తేడా వస్తే తడుస్తాం, కాస్త డబ్బు పోతుంది, అంతే. కరెంటు అలా కాదు.

మా ఇంట్లో తెల్ల పింగాణి ఫ్యూజులున్న పాత బోర్డు ఒకటి ఉండేది. ఫ్యూజు పోతే లోపలి సన్నని తీగ మార్చి పెడతారు. మళ్ళీ మళ్ళీ పోతోందని కొందరు లావు తీగ వేస్తారు, ఇంకొందరు జడపిన్ను కూడా పెడతారని విన్నాం. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది కావాలనే. ఎక్కువ కరెంటు వచ్చినప్పుడు గోడలోని తీగ కాలకముందే తాను కాలిపోవడం దాని ఉద్యోగం. లావు తీగ వేస్తే అది కాలదు, గోడలోది కాలుతుంది. లెక్క కూడా తేలికే. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. 5 ఆంపియర్ల సాకెట్టు నుంచి తీసుకోగలిగింది 230ని 5తో గుణిస్తే వచ్చే 1150 వాట్లు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని చిన్న సాకెట్టుకు తగిలిస్తే ఫ్యూజు పోవడం ఫ్యూజు తప్పు కాదు.

పోయిన ఏడాది ముందటి మే నెలలో జరిగింది ఇది. ఇక్కడి ఎండలు మీకు తెలుసు, కూలరు లేకుండా మధ్యాహ్నం గడవదు. ఒక రోజు నాన్నమ్మ వంటింట్లోంచి వచ్చి, "కూలరు ముట్టుకుంటే చీమలు కుట్టినట్టుంది" అన్నారు. నేల కడిగారు, కాళ్ళు తడిగా ఉన్నాయి. కూలరు రేకుదే. తాతయ్య కుర్చీలోంచి లేవకుండానే, మేము ఎన్నడూ వినని గొంతుతో, "ఎవులూ దాన్ని ముట్టుకోవద్దు, మెయిన్ కట్టండి" అని అరిచారు. అక్క పరుగెత్తి మెయిన్ కట్టింది. తర్వాత నాన్న ప్లగ్గు లాగారు.

సాయంత్రం ఎలక్ట్రీషియను వచ్చి విప్పి చూపించారు. కూలరు అడుగున నీళ్ళ పంపు తీగ మీది తొడుగు రేకు అంచుకు రాసుకుని తెగింది. అది ఒకటి. ప్లగ్గులో మూడు తీగలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఆకుపచ్చ తీగ, అంటే ఎర్తు తీగ, లోపల తెగి వేలాడుతోంది. అది రెండోది. ఎర్తు సరిగ్గా ఉంటే, రేకులోకి వచ్చిన కరెంటు ఆ తీగ వెంట నేలలోకి పోయేది, ఫ్యూజు ఎగిరిపోయేది, కూలరు ఆగిపోయేది. ఎర్తు లేదు కాబట్టి కరెంటు రేకులోనే ఉండిపోయి, నేలలోకి పోవడానికి ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని చూస్తోంది. నాన్నమ్మ వేశారు. ఆ తొడుగు ఇంకాస్త తెగి ఉంటే, నాన్నమ్మ చీమల గురించి చెప్పడానికి వచ్చి ఉండేవారు కారు.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో కొన్ని మారాయి. కూలర్లో నీళ్ళు పోసేముందు స్విచ్చి కట్టడమే కాదు, ప్లగ్గు లాగి పక్కన పెడతాం. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించడం మానేశాం. మూడో పిన్ను మిగతా రెంటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందో గమనించారా? అది ఎర్తు పిన్ను. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలని, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర అదే వదలాలని. పాత బోర్డు తీయించి, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కట్టేసే ఆర్.సి.సి.బి. పెట్టించారు నాన్న. దాని మీద టెస్టు అని ఒక బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే మెయిన్ పడిపోవాలి. పడలేదంటే అది పని చేయడం లేదు, ఎలక్ట్రీషియన్ని పిలవాలి.

ఎవరికైనా షాకు కొడితే వాళ్ళను చేత్తో పట్టుకుని లాగకండి, కరెంటు మీకూ వస్తుంది. ముందు మెయిన్ కట్టండి. అది దగ్గర్లో లేకపోతే ఎండిన కర్రతో తీగను పక్కకు నెట్టండి. మన తరగతి వాళ్ళలో ఎంతమందికి తమ ఇంటి మెయిన్ ఎక్కడుందో తెలుసని అడిగాం. సగం చేతులు కూడా లేవలేదు. ఈ వ్యాసం ఇక్కడే ఆపి, వెళ్ళి మీ ఇంటి మెయిన్ చూసి రండి. మిగతాది తర్వాత చదవచ్చు.

విద్యార్థులం మేము కరెంటు పనుల్లో చేసేది దీపం పట్టుకోవడం, మెయిన్ దగ్గర నిలబడటం, అంతవరకే. బల్బు మార్చడం, ప్లగ్గులో మర బిగించడం వంటివి నాన్న ఎదురుగా, మెయిన్ కట్టాక చేస్తాం. గోడలోని తీగలు, బోర్డు, గీజరు మా జోలికి రావు, మేము వాటి జోలికి పోం. టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదని నమ్మడానికి కూడా వీల్లేదు, టెస్టరే పాడై ఉండవచ్చు. ముందు కరెంటున్న సాకెట్టులో పెట్టి వెలిగిందని చూసుకుని, తర్వాతే పని చేసే చోట పెట్టాలి.

మెయిన్ కట్టాక కూడా ఒక ప్రమాదం ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ వేస్తారు. ప్లాంటులో యంత్రం మీద పని చేయాలంటే ముందు షట్‌డౌన్ తీసుకుంటారని, స్విచ్చికి చీటీ కట్టి, ఆ చీటీ తీసేదాకా ఎవరూ వేయకూడదని తాతయ్య చెబుతుంటారు. "చీటీ అంటే కాయితం కాదర్రా, లోపలున్న మనిషి" అంటారు. కూలరు సంగతి జరిగిన తర్వాతి ఆదివారం, ముందు గదిలో స్విచ్చి మార్చడానికి ఎలక్ట్రీషియను వచ్చినప్పుడు, మెయిన్‌కు చీటీ కట్టమన్నారు తాతయ్య. నాన్న ఒక అట్టముక్క మీద అలవాటు ప్రకారం హిందీలో రాసి తగిలించారు. పని అయిపోయాక నాన్నమ్మ అన్న మాట ఇది: "ఏటో అట్టముక్క వేలాడుతోంది. ఫ్యాను తిరగట్లేదని అది తీసి స్విచ్చి వేద్దామనుకున్నాను, ఇంతలో పాలవాడు పిలిచాడు."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నాన్నమ్మ ఇక్కడికి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. హిందీ మాట్లాడతారు, ఛత్తీస్‌గఢీలో కూరగాయల బేరం కూడా చేస్తారు. చదవడం మాత్రం తెలుగు ఒక్కటే వచ్చు. మా ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. బడిలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం ఉన్నాయి కదా, ఇంట్లో ఇదెందుకని మేము గొణిగిన రోజులున్నాయి.

ఆ సాయంత్రం కొత్త చీటీ తయారు చేశాం. బిస్కెట్ల పెట్టె అట్ట, ఎర్ర రంగు, పైన రంధ్రం, అందులో గట్టి దారం. పైన తెలుగు, కింద హిందీ. తెలుగులో "మెయిన్ వెయ్యకండి. మనిషి పని మీద ఉన్నాడు" అని తమ్ముడు రాశాడు. నాన్నమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, అక్షరాలు చిన్నవైపోయాయి, మళ్ళీ రాయమన్నారు. రెండోసారి రాసింది వంటింటి గుమ్మం నుంచే చదవగలిగారు. అదే ఇప్పుడు మెయిన్ పక్కన మేకుకు ఉంటోంది.

గ్యాసు గురించి రెండు మాటలు చాలు. గొట్టం కారుతోందని అనుమానమొస్తే సబ్బు నురగ పూయండి, బుడగలొస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర నిలబడకండి. నారింజ రంగు సురక్షా గొట్టానికి 5 ఏళ్ళే గడువు, దాని మీదే ముద్రించి ఉంటుంది. ఇంట్లో గ్యాసు వాసన వస్తే రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టకుండా బయటికి రండి. స్విచ్చి వేసినా, కట్టినా కూడా నిప్పురవ్వ పుడుతుంది. ఫోను కూడా బయటికొచ్చాకే చేయాలి. గ్యాసు లీకుకు దేశమంతటికీ 1906 నంబరు ఉంది.

తాతయ్య రేకు పెట్టెలో ఏమేమున్నాయని మా స్నేహితులు అడుగుతుంటారు. పెద్దగా ఏమీ లేవు. సుత్తి, రెండు పానాలు, కటింగ్ ప్లేయరు, చిన్నా పెద్దా స్క్రూ డ్రైవర్లు, టెస్టరు, ఉలి, తాపీ, ఆకురాయి, చిన్న రంపం, టేపు చుట్టలు, సీసా నిండా వాషర్లు. సుపేలా బజారులో దుకాణదారుకు చెప్పేటప్పుడు ఉలిని ఛేనీ అనీ, ఆకురాయిని రేతీ అనీ, తాపీని కన్నీ అనీ, రంపాన్ని ఆరీ అనీ అడుగుతాం. ఇంటికి రాగానే వాటి పేర్లు మారిపోతాయి. ఛేనీ ఇవ్వు అంటే తాతయ్యకు వినబడదు. ప్లాంటులో అన్నేళ్ళు ఛేనీతో పనిచేసిన మనిషికి ఆ మాట తెలియదంటే మేము నమ్మం. కానీ ఉలి అంటేనే ఇస్తారు. పానా మాత్రం రెండు చోట్లా పానాయే. బరమా కూడా అంతే.

ఇంటికొక చీటీ ఉంటే మంచిదని నాన్నమ్మ వీధిలో అందరికీ చెప్పారు. పక్కింటి వాళ్ళకు హిందీలో రాసిచ్చాం. వెనక వీధిలో మన విజయనగరం వాళ్ళకు తెలుగులో ఇచ్చాం. ఎదురింటి ఆంటీ ఒడియా. వాళ్ళ అత్తగారు కూడా మా నాన్నమ్మలాగే తన భాష ఒక్కటే చదువుతారు. ఒడియా అక్షరాలు మాకు రావు. అందుకని అట్ట కోసి, ఎర్ర రంగు వేసి, దారం కట్టి ఇచ్చాం. అక్షరాలు వాళ్ళమ్మాయి రాసుకుంది.